తవ్విన పండ్ల చెట్టును చంపేది రంపం కాదు, ఆ లోతు లేని కుండీ!

ఒక్క మాట ముందే చెప్పేస్తాను, నచ్చనివాళ్లు ఇక్కడే వీడియో ఆపేయొచ్చు. బోన్సాయ్ చేద్దామని, అంటే కుండీలో పొట్టిగా పెంచుదామని, పెరట్లోంచి తవ్వి తీసిన పండ్ల చెట్టును చంపుతున్నది రంపం కాదు, ఎండ కాదు, మీ చెయ్యి అచ్చిరాకపోవడం అసలే కాదు. తవ్విన రోజే దాన్ని తీసుకెళ్లి కూర్చోబెట్టిన ఆ లోతు లేని బోన్సాయ్ కుండీ!

ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. గడ్డపారతో చెట్టును పెకలిస్తారు, కొమ్మలన్నీ నరికి మోడు చేస్తారు, చుట్టూ వేర్లు కోసేస్తారు, అదే పూట నున్నటి గ్లేజు ట్రేలో పెట్టి, మిగిలిన ఒక్క కొమ్మకూ వంపు కోసం లోహపు తీగ చుట్టి, పైన నాచు అతికించి, ఒక్క రోజులో ముదురు బోన్సాయ్ తయారు అంటారు. లక్షల మంది లైకులు కొడతారు. అదే చెట్టును ఏడాది తర్వాత చూపించమంటే మాత్రం జవాబుండదు. నాకు మండేది అక్కడే. ఈ వీడియోల కింద జనం రెండు జట్లుగా విడిపోయి కొట్టుకుంటున్నారు కదా, కాండం అంత కిందికి నరకడం తప్పని ఒకళ్లు, వేర్లకున్న పెరటి మట్టి మొత్తం కడిగేయడం తప్పని ఇంకొకళ్లు. ఇద్దరిలో ఎవరూ కుండీ వైపు చూడటం లేదు.

లోతు తక్కువ కాబట్టి నీళ్లు తొందరగా దిగిపోతాయి అనుకుంటాం. జరిగేది దానికి పూర్తిగా రివర్స్. నమ్మకపోతే గిన్నెలు తోమే స్పాంజి కొత్తది ఒకటి తీసుకోండి, నీళ్లలో బాగా నానబెట్టి అరచేతి మీద అడ్డంగా పడుకోబెట్టండి, కారడం పూర్తిగా ఆగేదాకా చూడండి. ఇప్పుడు పిండకుండా, నొక్కకుండా, దాన్ని నిలువుగా పట్టుకోండి. మళ్లీ కారుతుంది! అదే స్పాంజి, అవే నీళ్లు, మారింది ఎత్తు ఒక్కటే. కుండీలో మట్టి కూడా అంతే. అడుగున కొంత ఎత్తు వరకు నీళ్లు మట్టి రేణువులను పట్టుకుని నిలిచిపోతాయి, కింద ఎన్ని కన్నాలు పెట్టినా దిగవు. ఆ ఎత్తు ఎంత అనేది రేణువుల సైజును బట్టి ఉంటుంది తప్ప కుండీ లోతును బట్టి ఉండదు. మీ మట్టిలో అది మూడంగుళాలు అనుకుందాం. పన్నెండు అంగుళాల డబ్బాలో అడుగు మూడంగుళాలు ముద్దగా ఉన్నా పైన తొమ్మిదంగుళాల్లో గాలి ఆడుతుంది. మరి అదే మట్టి మూడంగుళాల ట్రేలో పోస్తే? పైనుంచి కిందిదాకా ముద్దే. వేర్లు నిండుగా ఉన్న చెట్టయితే ఆ తడిని చకచకా తాగేస్తుంది, దానికేం భయం లేదు. నిన్నగాక మొన్న వేర్లన్నీ కోయించుకున్న మోడు ఏం తాగుతుంది చెప్పండి? కోసిన చోట గాలి అందదు, కుళ్లు పట్టుకుంటుంది.

'అదేంటండీ, నా చెట్టుకు చిగుర్లు వచ్చాయి కదా' అని ఇప్పుడే టైప్ చేయబోతున్నారు, తెలుసు. ఆ చిగుర్ల గురించే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది అక్కడే. కాండంలో, లావు వేర్లలో చెట్టు పిండిపదార్థం దాచుకుని ఉంటుంది. కింద ఒక్క కొత్త వేరు లేకపోయినా ఆ నిల్వతోనే చిగురు తోసేస్తుంది. మోడు బెరడు పగిలి లేత ఎరుపు మొగ్గలు తొంగిచూస్తాయి, ఆకులు విప్పుకుంటాయి, మనం సంబరపడి ఎండలో పెడతాం, ఇంకొందరైతే ఎరువు కూడా వేసేస్తారు. కొన్ని వారాలకు ఆ చిగుర్లు ఒక మధ్యాహ్నం మెడ వాల్చేస్తాయి, నీళ్లు పోసినా లేవవు. నిల్వ అయిపోయింది, వేరు రాలేదు, అంతే సంగతి. కాబట్టి చిగురు వచ్చిందంటే బతికిందని కాదు! ఆ కొమ్మ సాగి సాగి, మొదలు దగ్గర ముదిరి చెక్కగా మారి, ఎండలో కూడా తల వాల్చకుండా నిలబడిందా, అప్పుడు కింద వేరు పడిందని నమ్మండి.

ఇంకో ఘోరం, వచ్చిన చిగురును వచ్చినట్టే గిల్లేయడం. ఆకారం కోసమట. కొమ్మ కొసల్లో, లేత ఆకుల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగి వేరు పుట్టించడానికి సాయం చేస్తుంది. మీరు పైన గిల్లినప్పుడల్లా కింద వేరుకు అందాల్సిన కబురు ఆగిపోతుంది. మొదటి ఏడాది ఆ చెట్టు ముళ్లపందిలా చింపిరిగా పెరగనివ్వండి, ఏం పోయింది?

జపాన్ వాళ్ల చెట్లు చిన్న కుండీల్లో వందల ఏళ్లు బతకడం లేదా అని అడిగేవాళ్లకు ఒక సంగతి. వాషింగ్టన్‌లోని నేషనల్ బోన్సాయ్ మ్యూజియంలో ఒక తెల్ల పైన్ ఉంది, 1625 నుంచి సాగులో ఉన్న చెట్టు. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో అణుబాంబు పడినప్పుడు అది అక్కడికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో యమాకి కుటుంబం తోటలో, గోడ చాటున ఉంది. బతికింది. 1976లో మసారు యమాకి దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. అణుబాంబును తట్టుకున్న బోన్సాయ్ అండీ అది, చెప్తుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది! కానీ అది తరాల తరబడి కత్తిరించి, మార్చి, పీచు వేర్లతో నింపిన చెట్టు. మీ మోడుకు ఉన్నవి బొటనవేలంత లావు వేర్లు నాలుగు, అవి చెట్టును నిలబెట్టడానికి, నిల్వ దాచడానికి పనికొస్తాయి కానీ నీళ్లు తాగేది వాటి కొసల్లో పుట్టే పీచు. ఆ పీచునేమో తవ్వేటప్పుడు పెరట్లోనే వదిలేసి వచ్చాం.

మరి ఎక్కడ పెట్టాలి? చెక్క పెట్టె, పాత ప్లాస్టిక్ టబ్బు, ఏదైనా సరే, వేర్ల ముద్ద కంటే కాస్త పెద్దది, లోతున్నది, కింద బోలెడు కన్నాలున్నది. అందులో ప్యూమిస్, పెర్లైట్ లాంటి తేలికపాటి రాతి గుళికల గరుకు సరుకు, జల్లెడ పట్టి దుమ్ము తీసేసినది. చిరిగిన వేర్లను పదునైన కత్తితో నున్నగా కోయండి, కొత్త వేర్లు ఆ కోత అంచునుంచే పుడతాయి. తర్వాత, ఇది ఎవరూ చెప్పరు, చెట్టును పెట్టెకు తాడుతో బిగించి కట్టేయండి. గాలికి మోడు ఊగిన ప్రతిసారీ అప్పుడే పుట్టిన తెల్లటి వేరు కొస తెగిపోతుంది. ఇక సీజన్ మాట, ఆపిల్, ప్లమ్ లాంటి ఆకు రాల్చేవైతే మొగ్గ ఉబ్బే ముందు తవ్వాలి, నిమ్మ, జామ లాంటి ఎప్పుడూ ఆకులుండేవైతే చురుగ్గా పెరిగే వెచ్చని రోజుల్లో తవ్వాలి. తీగ చుట్టడం రెండో ఏడాది వరకు మర్చిపోండి.

రంపం పట్టుకున్నవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. పెరటి పండ్ల చెట్లు చాలావరకు అంటు కట్టినవే. కాండం మొదలు దగ్గర బెరడు రంగు మారి కాస్త ఉబ్బినట్టు ఉంటుంది చూడండి, అంటు అతికిన చోటు అది. దానికి కింద నరికారో, తర్వాత వచ్చే పిలకలు మీరు తిన్న పండువి కావు, కింద వేరు కోసం వాడిన వేరే మొక్కవి. ఏళ్లు పెంచాక కాయ చూసి ఏడవడం కంటే ఒక జానెడు పైకి నరకడం నయం కదా.

కాయ అంటే గుర్తొచ్చింది. కొమ్మలు దట్టమయ్యే కొద్దీ ఆకు చిన్నదవుతుంది, కాయ మాత్రం చిన్నదవ్వదు! జానెడు చెట్టుకు పిడికెడు కాయ వేలాడుతూ కనిపించేది అందుకే. కాబట్టి క్రాబ్ ఆపిల్ అనే చిట్టి కాయల ఆపిల్ జాతి, పొట్టి రకం దానిమ్మ, చిన్న కాయల నిమ్మజాతులు బోన్సాయ్‌కి భలే కుదురుతాయి. మామిడి పూత కొమ్మ చివరే వస్తుంది, పూత కాలం ముందు ఆకారం కోసం చివర్లు కత్తిరించారంటే ఆ ఏడు కాయ ఆశ వదులుకోవాల్సిందే. ఏ జాతైనా సరే, వేరు కుదిరేదాకా పూత వస్తే తుంచేయండి, పాపం అనుకోకండి.

ట్రేలోకి ఎప్పుడు మార్చాలంటే, పెట్టె కన్నాల్లోంచి వేర్లు బయటికి రావాలి, పోసిన నీళ్లు చెట్టు ముందుకంటే తొందరగా తాగేయాలి. అప్పుడు కూడా వేర్లను ఒకేసారి మొత్తం కోయకుండా, ముందు లావు వేర్లను పొట్టి చేసి, పక్కనున్న పీచును ఉంచి, కాస్త తక్కువ లోతున్న పెట్టెలోకి మార్చండి. తర్వాతి సీజన్లో ఇంకాస్త తగ్గించండి. మీ చెట్టు ఏ జాతి, మోడు ఎంత లావు, ఏ నెలలో తవ్వారు, ఈ మూడూ కామెంట్లో రాయండి, ఎక్కడ కోయాలో నేను చెప్తాను. ఇప్పటికే ట్రేలో పెట్టేసి ఉంటే వేర్లు కదిలించకుండా, ఉన్నది ఉన్నట్టు తీసి, ఈ రోజే లోతున్న టబ్బులోకి మార్చేయండి.