పండు పండులా తినండి: ఆటగాళ్ల ఆహారంపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. వ్యాయామం చేసేవాళ్లు పండ్లు, కూరగాయలు ఎంతెంత తినాలో పోషకాహార నిపుణురాలు చెబుతారు. మొదటి కాలర్ జమ్మికుంట నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడం. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. పొద్దున నాలుగున్నరకు లేచి గ్రౌండుకి పోతా. అన్నం తింటే బరువైతరని ఫ్రెండ్స్ అంటే మూడు వారాల నుంచి మానేసిన. లేవగానే బొప్పాయి ముక్కలు ఒక ప్లేటు, రన్నింగ్ అయ్యాక బత్తాయి జ్యూస్ రెండు గ్లాసులు, రాత్రి ఉత్త పండ్లే. 1600 మీటర్లలో మూడో రౌండుకే కాళ్లు లాగుతున్నయి మేడం. కడుపు కూడా బాగుండట్లేదు. పరుగుకి ముందు పుచ్చకాయ తినొచ్చా?

నిపుణురాలు: పుచ్చకాయ సంగతి తర్వాత బాబూ. మధ్యాహ్నం కూర ఏం తింటున్నావు?

కాలర్: రెండు చపాతీలు మేడం. అమ్మ కూర వండుతుంది గానీ నేను కొంచెమే వేసుకుంటా.

నిపుణురాలు: అక్కడే ఉంది తేడా. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. పరిగెత్తేవాడివి, ఇంకో పండు ఎక్కువ తిను, తప్పులేదు. కానీ కూర స్థానంలో పండు రాదు. అన్నం, పప్పు మానేస్తే కాళ్లకు శక్తి ఎక్కడిది? రాత్రి ఉత్త పండ్లు తింటే కండకు కావలసిన ప్రొటీన్ ఏది?

కాలర్: మరి జ్యూస్ మంచిదే కదా మేడం?

నిపుణురాలు: పండు పండులా తినండి, జ్యూస్ చేయకండి. ఎన్నిసార్లయినా ఇదే చెబుతాను. రెండు గ్లాసులకు ఎన్ని బత్తాయిలు పిండుతున్నావో లెక్కపెట్టు. పీచంతా వడపోతలో పోయి చక్కెర నీళ్లు మిగులుతాయి. ఆ డబ్బుతో జామకాయలు కొను. విటమిన్ సి బత్తాయి కంటే జామకాయలోనే చాలా ఎక్కువ. పరుగయ్యాక నీళ్లు తాగి ఒక పండు తిను. ఇంటికెళ్లి రెండు గుడ్లతో టిఫిన్ చెయ్యి. మధ్యాహ్నం అన్నంలో తోటకూర పప్పు కలుపుకుని నిమ్మకాయ పిండుకో, ఆకుకూరలోని ఇనుము ఒంటికి పడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే మాత్రం సరిగా పట్టదు.

కాలర్: సరే మేడం. మరి పరుగుకి ముందు పుచ్చకాయ...

నిపుణురాలు: మళ్లీ అదేనా! పుచ్చకాయ వద్దు, బొప్పాయి ప్లేటు వద్దు. కడుపు నిండా పండ్ల ముక్కలతో పరిగెత్తితే కడుపు తిప్పకుండా ఎలా ఉంటుంది? ముప్పావు గంట ముందు ఒక అరటిపండు చాలు. నాలుగున్నరకు లేచి కష్టపడుతున్నావు నాన్నా, ఆ కష్టం తిండి దగ్గర పోగొట్టుకోవద్దు. అమ్మ వండిన కూర గిన్నె నిండా పెట్టించుకో.

యాంకర్: ధన్యవాదాలు. తెనాలి నుంచి తదుపరి కాలర్.

కాలర్: మేడం, మా పాప కబడ్డీ ఆడుతుంది, పద్నాలుగేళ్లు. కూరగాయలంటే ముట్టదు. పండ్లు పెడితే సరిపోతుందా అండీ?

నిపుణురాలు: సరిపోదమ్మా. క్యారెట్ తురిమి చపాతీ పిండిలో కలపండి, సొరకాయ తురుము దోసెలో వేయండి. పచ్చి కీరా ముక్కలు టిఫిన్ డబ్బాలో పెట్టండి. కూరగాయలు కోసే ముందే కడగాలి, కోసి కడిగితే విటమిన్ సి నీళ్లలో పోతుంది. బంగాళదుంప వేపుడును మాత్రం కూరగాయల లెక్కలో వేయకండి.

యాంకర్: విశాఖ నుంచి ఒకరు. త్వరగా అడగండి సార్.

కాలర్: రోజూ గంట నడుస్తానమ్మా. షుగర్ ఉంది. మామిడిపండు రసం...

నిపుణురాలు: రసం వద్దండీ. పండు పండులా తినండి. అదీ రెండు మూడు ముక్కలు, ఆ పూట అన్నం తగ్గించి. ఎంతవరకు తినొచ్చో మీ రిపోర్టులు చూసిన డాక్టరు గారిని అడగండి.

యాంకర్: లైన్ కట్ అయింది. జమ్మికుంట నుంచి ఇందాకటి కాలర్ మళ్లీ ఉన్నారు.

కాలర్: ఒక్కటే మేడం. ఈవెంట్ రోజు ఏం తినాలి? ఎనర్జీ డ్రింక్ తెచ్చుకోనా?

నిపుణురాలు: ఆ రోజు కొత్తగా ఏదీ వద్దు బాబూ. ప్రాక్టీసులో కడుపుకు పడిన అరటిపండే తిను. ఈరోజు నుంచే అన్నం మొదలుపెట్టు.

కాలర్: సరే మేడం, అమ్మకు చెప్తా.

యాంకర్: ధన్యవాదాలు మేడం. వార్తల సమయం అయింది.