మా స్క్రీన్ మీద రెండు లైన్లు
(అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ శివార్లలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక కౌంటీ డెప్యూటీ, అంటే మన జిల్లాలాంటి కౌంటీకి చెందిన పోలీసు అధికారి, చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న. హ్యూస్టన్ సిటీలో ఉంటున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. సరే, ఇప్పుడు అందులో చాలామంది దించేయొచ్చు.

మీ అడ్రసులో హ్యూస్టన్ అనో, కేటీ అనో, సైప్రెస్ అనో రాసి ఉంటుంది. అది ఉత్తరాలు చేరడానికి పోస్టాఫీసు వాడే పేరు. అసలు సైప్రెస్ అనే సిటీయే లేదు. దానికి మేయరూ లేడు, సిటీ పోలీసులూ లేరు. 2020 జనాభా లెక్కల్లో మన హ్యారిస్ కౌంటీలో 47 లక్షల పైచిలుకు మంది తేలారు. వాళ్లలో దాదాపు 20 లక్షల మంది ఏ సిటీ హద్దులోకీ రారు. మీరు ఎమర్జెన్సీ నెంబరు 911 నొక్కితే అలాంటి చోట్లకి వచ్చేది కౌంటీ మనుషులం. కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరీఫ్ ఆఫీసు డెప్యూటీలు రావచ్చు. మీ కాలనీ అసోసియేషన్ డబ్బు కట్టి ఒప్పందం చేసుకుని ఉంటే కానిస్టేబుల్ ఆఫీసు డెప్యూటీలు రావచ్చు. ఇక్కడ కానిస్టేబుల్ అంటే మన ఊళ్లోలా కింది స్థాయి పోలీసు కాదు, సొంత ఆఫీసు ఉన్న అధికారి. షెరీఫ్‌నీ, కానిస్టేబుల్‌నీ నాలుగేళ్లకోసారి జనమే ఎన్నుకుంటారు. ఇండియాలో ఎస్పీ గారిని ప్రభుత్వం బదిలీ చేస్తుంది. ఇక్కడ షెరీఫ్ నచ్చకపోతే మీరే ఇంటికి పంపొచ్చు, అయితే సిటిజన్‌షిప్ వచ్చాకే.

పెట్రోలింగ్ అనగానే సైరన్లు, ఛేజింగులు గుర్తొస్తాయి. ఆ ఊహ మీకు తెచ్చిపెట్టింది టీవీ. గాలికి తలుపు కదిలి మోగిన అలారాలు, గుద్దుకున్న కార్లు, పక్కింటి కుక్క, పార్టీలో పెద్ద సౌండ్, అమెజాన్ ప్యాకెట్ ఎత్తుకెళ్లినవాడు... మా రోజు ఎక్కువగా వీటితోనే గడుస్తుంది. మిగతా టైమంతా కారులోనే కూర్చుని రిపోర్టు టైప్ చేస్తుంటాం. కారుకి ఒక్కరమే ఉంటాం. తోడు కావాలంటే రేడియోలో పిలవాలి. ఆ తోడు ఇంకో కాల్‌లో ఉండొచ్చు, కౌంటీ అంచున ఉండొచ్చు, సాయంత్రం ఆరింటికి హైవే 290 ట్రాఫిక్‌లో ఇరుక్కునీ ఉండొచ్చు. ఆ సమయానికి 290 సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంటి తలుపు తట్టేముందు మా చేతిలో ఉండేది కారు కంప్యూటర్ స్క్రీన్ మీద వచ్చిన రెండు లైన్లే. ఫోన్లో మీరు చెప్పింది విని 911 ఆపరేటర్ కొట్టిన లైన్లు అవి. ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతోంది, ఆయుధం ఉందా, తాగి ఉన్నారా, పిల్లలు ఉన్నారా. ఎంత స్పీడుగా వెళ్లాలో, ఒక్కరమే వెళ్లాలో ఇంకొకరి కోసం ఆగాలో వాటిని చూసే తేల్చుకుంటాం. అందుకే ఇవాళ చట్టాల లిస్టు చదవకుండా, ఆ రెండు లైన్ల గురించే మాట్లాడతాను.

కారు ఆపినప్పుడు ఆ రెండు లైన్లు కూడా ఉండవు. నెంబర్ ప్లేటు తప్ప ఏమీ తెలియదు. సందీప్ ధాలివాల్ గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తలపాగా, గడ్డంతో డ్యూటీ చేయడానికి 2015లో మా కౌంటీలో అనుమతి పొందిన సిక్కు డెప్యూటీ ఆయన. 2019 సెప్టెంబర్ 27న, పట్టపగలు, ఒక కారు ఆపారు. డ్రైవరుతో మామూలుగా మాట్లాడారు, వాదన కూడా జరగలేదు. ఆయన తిరిగి తన కారు వైపు నడుస్తుంటే ఆ డ్రైవరే వెనక నుంచి కాల్చి చంపాడు. కాల్చినవాడి మీద అప్పటికే పెరోల్ షరతులు తప్పినందుకు అరెస్టు వారెంట్ ఉంది. 2022లో వాడికి మరణశిక్ష పడింది.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మన ఊళ్లో పోలీసు బండి ఆపితే దిగి, కాగితాలు పట్టుకుని, సార్ అంటూ ఎదురెళ్లడం మర్యాద. ఇక్కడ అదే పని చేస్తే మాకు టెన్షన్. దయచేసి కారులోనే ఉండండి. రాత్రయితే లోపల లైటు వేయండి. చేతులు స్టీరింగ్ మీద పెట్టండి. పర్సు వెనక జేబులో ఉంటే, తీస్తున్నానని చెప్పి తీయండి. దిగమని మేం అడిగితే మాత్రం దిగాలి. ఆ అధికారం మాకుందని 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది. టికెట్ మీద సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టు సంగతి చూసుకుంటానని మాట ఇచ్చినట్టు. మేం రాసిన టికెట్ సాధారణంగా చిన్న కేసులు చూసే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకి వెళ్తుంది, వాదన ఉంటే అక్కడ చెప్పుకోండి. ఇంకొకటి. “ఫైన్ ఇక్కడే ఇచ్చేస్తాను, వదిలేయండి సార్” అని నవ్వుతూ కూడా అనకండి. టెక్సస్‌లో లంచం ఇవ్వజూపడం ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. వీసా మీద ఉన్నవాళ్లకి దాని అర్థం విడమర్చక్కర్లేదనుకుంటా.

ఇంట్లో గొడవలకి వస్తాను. తెలుగు ఇల్లని తెలిస్తే రేడియోలో నన్ను పిలుస్తుంటారు. తలుపు తీయగానే వినబడే మాట ఒకటే: “ఏం లేదండీ, మాటా మాటా అనుకున్నాం.” చెంప మీద వేళ్ల అచ్చులు కనబడుతుంటాయి. ఈ రాష్ట్రంలో, కొట్టాడని నమ్మడానికి తగిన ఆధారం కనిపిస్తే, కేసు వద్దని భార్య అన్నా మేం అరెస్టు చేయొచ్చు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి సర్దేసే పద్ధతి మా దగ్గర లేదు, ఉండకూడదనే నా అభిప్రాయం. ఇక్కడున్న అక్కచెల్లెళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. 911కి చేయబోతుంటే ఫోన్ లాక్కోవడమే టెక్సస్‌లో విడిగా ఒక నేరం. మాట్లాడే వీలు లేకపోతే మెసేజ్ పెట్టొచ్చు. ఇంగ్లీషు రాకపోతే “తెలుగు” అన్న ఒక్క మాట చాలు, ఆపరేటర్ దుబాసీని లైన్లోకి తెస్తారు. పిల్లల చేత మాత్రం చెప్పించకండి. అమ్మ మీద నాన్న ఏం చేశాడో ఎనిమిదేళ్ల పిల్ల ఇంగ్లీషులోకి మార్చి చెప్పడం నేను విన్నాను. మళ్లీ వినాలని లేదు.

చివరిగా, గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చే ఫోన్లు. అబ్బాయి రెండు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు, ఒకసారి వెళ్లి చూడండి అని. దీన్ని మేం వెల్ఫేర్ చెక్ అంటాం, తప్పకుండా వెళ్తాం. వెళ్లాక తలుపు కొడతాం, ఎవరూ పలకరు. లైన్లో అమ్మ ఏడుస్తూ, పగలగొట్టండి బాబూ అంటుంది. అలా పగలగొట్టలేం. మనిషి క్షేమం చూడాలన్న కారణం ఒక్కటే వారెంట్ లేకుండా ఇంట్లోకి దూరడానికి సరిపోదని 2021లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. లోపల ప్రాణాపాయం ఉందని నమ్మడానికి కారణం కావాలి. ఆ కారణం చాలాసార్లు ఆ తల్లిదండ్రులకి తెలుసు, పరువు పోతుందని చెప్పరు. ఉద్యోగం పోయిందని, చచ్చిపోవాలనుందని మెసేజ్ పెట్టాడని, ఇన్సులిన్ మీద ఉన్నాడని, గదిలోవాళ్లతో గొడవైందని ముందే చెబితే మా స్క్రీన్ మీద లైన్లు మారిపోతాయి. మేం తలుపు ముందు నిలబడే తీరు కూడా మారుతుంది.

ఇండియా నుంచి 911 నొక్కితే మాకు రాదు. మీ కౌంటీకి పది అంకెల మామూలు నెంబరు ఒకటి ఉంటుంది. ఇవాళ రాత్రి అది వెతికి, ముందు +1 చేర్చి, అమ్మానాన్నలకి వాట్సాప్‌లో పంపండి. దాంతోపాటు అపార్ట్‌మెంట్ నెంబరు, బిల్డింగ్ నెంబరు, గేటు కోడ్, కారు రంగు, నెంబర్ ప్లేటు, ఇక్కడే ఉన్న ఒక స్నేహితుడి ఫోన్ నెంబరు రాయండి. మూడు వందల ఫ్లాట్లున్న కాంప్లెక్సులో అర్ధరాత్రి గేటు దగ్గరే ఆగిపోయినప్పుడు ఆ కోడ్ విలువ తెలుస్తుంది. ఎలా రాయాలో తెలియనివాళ్లు కాఫీ టైములో ఫోన్ పట్టుకుని నా దగ్గరికి రండి, కలిసి టైప్ చేద్దాం.