‘డేగాన్’ బ్లూరే రివ్యూ: ఆ ముసలాయన కోసమైనా చూడండి

నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ బ్లూరేను అమ్మే దుకాణం వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బు ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. డిస్కు సాంకేతిక వివరాల జోలికి పోను, సినిమా గురించే చెబుతాను.

‘డేగాన్’ స్టూవర్ట్ గోర్డన్ తీసిన హారర్ సినిమా, 2001లో వచ్చింది. అమెరికన్ హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్ తన కథలో అమెరికా తీరంలో ఊహించిన ఇన్స్‌మౌత్ అనే ఊరు ఇక్కడ స్పెయిన్‌లోని ఇంబోకాగా మారింది. స్పెయిన్‌లోనే గలీసియా ప్రాంతంలోని కొంబారో అనే చేపల పల్లెలో తీశారు. నీటి అంచునే రాతి ఇళ్లు, ఇరుకు సందులు, ఎడతెగని వాన. నా పాత డీవీడీలో ఆ సందులన్నీ ఉత్త చీకటే. ఇప్పుడు తడి రాళ్ల మీద వెలుగు కనిపిస్తోంది, హోటల్ గుమాస్తా మెడ మీది మొప్పలూ కనిపిస్తున్నాయి.

ఇక స్పెయిన్ నటుడు ఫ్రాన్సిస్కో రబాల్ గురించి. దర్శకుడు బున్యుయేల్ తీసిన ‘విరిదియానా’లో నటించిన రబాల్! ఇందులో ఎసెక్వియెల్ అనే తాగుబోతు, ఆ ఊళ్లో మిగిలిన చివరి మనిషి. వలల్లో చేపలు పడటం మానేసిన రోజుల గురించి చెబుతాడు. ప్రార్థించినా ఫలితం లేదు. ఒక కెప్టెన్ డేగాన్ అనే కొత్త సముద్ర దేవుణ్ని తెచ్చాడు. చేపలొచ్చాయి, బంగారమూ వచ్చింది. ఆ తరువాత ఆ దేవుడు రక్తం అడిగాడు, ఆడవాళ్లను అడిగాడు. ఆకలికి భయపడి ఊరంతా తలూపింది. ఆ ఒప్పందమే పిల్లల ఒంటి మీద పొలుసులై తేలింది. నన్ను వణికించేది ఇదే, ఆక్టోపస్ చేతుల్లాంటి టెంటకిల్స్ కాదు.

రబాల్ ఇంగ్లీషు అర్థం కాదని చాలామంది విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. ఒక్కో మాటనూ గొంతులోంచి పెకలించుకుంటూ చెబుతాడాయన, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోలేని మనిషి అలాగే మాట్లాడతాడు. మొదటిసారి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, రెండోసారి తీసేసి వినండి. సినిమా విడుదల కాకముందే, 2001 ఆగస్టులో, 75 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఆయన పాత్ర ముఖం తోలు ఒలిచే దృశ్యం మేకప్‌తో చేసిందే. నేను ఇప్పటికీ సగం కళ్లు మూసుకునే చూస్తాను.

అలాంటి పనితనం ఉన్నవాళ్లు చివర్లో సముద్ర దేవుణ్ని కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు ఎందుకు వదిలేశారు? 1985లో ‘రీ-యానిమేటర్’ తీసిన దర్శకుడాయన, చేత్తో చేసిన రక్తమాంసాల విలువ ఆయనకు తెలుసు. ఆ కొద్ది క్షణాలూ నాకు ఒళ్లు మండిపోతుంది. డిస్కు శుభ్రంగా ఉండేసరికి ఆ లోపం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

అయినా కొనమనే చెబుతాను. ఇది ఉచితంగా రాకపోయినా నేను కొనేవాణ్ని. గుండె దిటవు లేనివాళ్లు మాత్రం వద్దు, పిల్లలున్న గదిలో అసలే వద్దు.