కొండ కింద కొత్తవాళ్లు

(తిరుపతిలో ఉదయపు నడక మిత్రుల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత భూగోళం టీచరు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న నా పాత సహోద్యోగులకు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి నాయనా. ఎవరూ ఏమీ అనరు.

అధ్యక్షులవారు నా గురించి చాలా చెప్పారు. నేను చేసిందల్లా ముప్పై ఒక్కేళ్లు భూగోళం పాఠం చెప్పడం. అగ్నిపర్వతాల పాఠం వచ్చిన ప్రతిసారీ బోర్డు మీద జపాన్‌లోని ఫ్యూజీ కొండే గీసేదాన్ని. కింద వెడల్పు, పైన సన్నం, నెత్తిన కాస్త తెల్ల చాక్‌పీసు. ఎత్తు 3,776 మీటర్లు, చివరిసారి బద్దలైంది 1707లో అని పిల్లల చేత వల్లె వేయించాను. అంత వల్లె వేయించిన నేను ఆ కొండ కింద నిలబడిన రోజు ఎటు పోవాలో, ఎవరిని అడగాలో తెలియలేదు.

విదేశంలో కొండ చూడటానికి ఎలా సిద్ధం కావాలో చెప్పమని ఆహ్వానంలో వేశారు. చెప్తాను. కానీ ఇంకో మాట కూడా ఉంది. అది చెప్పకుండా ఈ మైకు వదలను.

మొదటిసారి మేం వెళ్లింది మే నెలలో. మన ఊళ్లోనే ఒక ట్రావెల్స్ వాళ్లు కరపత్రం పంచారు. పేరు వద్దులెండి. ‘జపాన్ యాత్ర, ఫ్యూజీ కొండ పైకి’ అని అందులో ఉంది. మా వీధి నుంచి పన్నెండు మందిమి డబ్బు కట్టాం. మే అంటే మనకు సెలవులు, పెళ్లిళ్లు, ప్రయాణాలు. ఎంత పైకి అని మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

ఆ కొండకు ఒక క్యాలెండర్ ఉంది. పైకెక్కే దారులు నాలుగు. వాటిలో యోషిదా దారి జులై 1న తెరుస్తారు, సెప్టెంబర్ 10న మూసేస్తారు. మిగతా మూడు దారులు జులై 10 నుంచి తెరుస్తారు. ఏడాదిలో రెండు నెలలే. మిగిలిన రోజుల్లో పైన మంచు, గాలి, ఎక్కేవాళ్లు రాత్రి ఆగే గుడిసెలు కూడా మూసే ఉంటాయి. కొండ దారిలో మజిలీలను స్టేషన్లంటారు. మమ్మల్ని బస్సులో ఐదో స్టేషన్ దాకా తీసుకెళ్లారు. 2,300 మీటర్ల ఎత్తు, బస్సులు పోయేది అంతవరకే. అక్కడ దింపి నలభై నిమిషాలు టైమిచ్చారు. కమ్మిన మబ్బులో ఎదుటి మనిషి కనపడలేదు. మేం కట్టుకున్నది నూలు చీరలు, కాళ్లకు మామూలు చెప్పులు. మా వీధి అక్క ఒకామె శిఖరం మీద పెట్టాలని చిన్న పొట్లంలో పసుపు కుంకుమ తెచ్చుకుంది. ఆ పొట్లం విప్పకుండానే గుప్పిట్లో పట్టుకొని బస్సెక్కింది. ఊరికి తిరిగొచ్చేదాకా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. కరపత్రంలో ఒక్క లైను, ‘మే నెలలో దారి మూసి ఉంటుంది’ అని రాసి ఉంటే ఆమె ఆ పొట్లం కట్టుకునేదే కాదు. ఇప్పటికీ నా కడుపులో మంట అదే. డబ్బు పోయినందుకు కాదు.

సరే, మీకు పనికొచ్చే సంగతికి వస్తాను. ఫ్యూజీని చూడటం వేరు, ఎక్కడం వేరు. చూడాలంటే చలికాలం పొద్దున పూట మంచిది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలి పొడిగా ఉంటుంది, కొండ అంచు కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. వేసవిలో రోజుల తరబడి మబ్బులోనే ఉంటుంది. టోక్యో షింజుకు నుంచి కవాగుచికో సరస్సుకు బస్సులో రెండు గంటలే. కానీ పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే ప్లాను పెట్టుకోవద్దు. ఆ ఒక్కరోజు మబ్బు పట్టిందంటే అంతే సంగతులు. రెండు మూడు రాత్రులు అక్కడే ఉండండి. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైల్లో పోయేవాళ్లు కుడివైపు కిటికీ సీటు, ‘E’ అనే ఇంగ్లీషు అక్షరం ఉన్నది, అడిగి తీసుకోండి. అరకురాయామా తోటలో అయిదంతస్తుల గోపురం పక్క నుంచి కొండ కనిపించే చోటుకు 398 మెట్లు. మనవాళ్లకు అదొక లెక్కా? అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే కాళ్లు మనవి.

ఆ ధైర్యమే మనల్ని దెబ్బతీసేది కూడా. మన తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లు లేదు. అక్కడ బస్సు దిగే చోటే 2,300. శిఖరం మీద ఆగస్టులో కూడా సగటున 6 డిగ్రీల చలి. ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో మూడింట రెండొంతులు. దారిలో ఎర్రటి, నల్లటి బొగ్గు పొడిలాంటి రాళ్లు, కాలు పెడితే జారతాయి. మడమ దాకా పట్టే బూట్లు కావాలి, వాన కోటు కావాలి, తలకు కట్టుకునే లైటు కావాలి. బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా టికెట్ తీయొద్దు.

నియమాలు కూడా మారాయి. యోషిదా దారిలో 2024లో రోజుకు 4,000 మందినే అనుమతించడం, 2,000 యెన్ల రుసుము మొదలుపెట్టారు. 2025లో నాలుగు దారులకూ 4,000 యెన్లు చేశారు. మధ్యాహ్నం 2 గంటల తర్వాత గేటు మూసేస్తారు, మళ్లీ తెల్లవారుజామున 3 గంటలకు తీస్తారు. పైన గుడిసెలో పడక బుక్ చేసుకున్నవాళ్లనే మధ్యలో వదులుతారు. రాత్రంతా నిద్రలేకుండా ఒక్క ఊపున ఎక్కి సూర్యోదయం చూసి దిగిపోయేవాళ్లు చలికి, ఆయాసానికి పడిపోతున్నారనే ఈ కట్టడి. ఇలా ఎక్కేవాళ్లలో విదేశీయులు కూడా చాలామంది.

2025 ఏప్రిల్లో పేపర్లో చదివే ఉంటారు. జపాన్‌లో చదువుకుంటున్న ఒక చైనా కుర్రాడు దారి మూసి ఉన్న రోజుల్లో ఎక్కాడు. హెలికాప్టర్‌తో దించారు. నాలుగు రోజుల తర్వాత, పైన మరిచిపోయిన ఫోను కోసం మళ్లీ ఎక్కాడు. మళ్లీ రక్షించాల్సి వచ్చింది. అందరూ వాణ్ని తిట్టారు. తిట్టడం న్యాయమే. కానీ ఆ వార్త చదువుతుంటే నాకు మే నెల మబ్బులో మేం పన్నెండు మందిమి నిలబడ్డదే గుర్తొచ్చింది.

రెండోసారి 2025 జులైలో వెళ్లాను, యొకొహామాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయితో. ఈసారి ఆరు నెలల ముందు నుంచి ప్లాను. గుడిసెలో పడక ముందే బుక్ చేశాం. ఇక్కడ వారానికి మూడు రోజులు అలిపిరి మెట్లు ఎక్కాను, ఇంకో రోజు బూట్లు అలవాటు కావడానికి డాంబరు రోడ్డు మీద నడిచాను. వంద యెన్ల నాణేలు పొట్లం కట్టుకున్నాను, ఎందుకంటే కొండ మీద మరుగుదొడ్డికి 200, 300 యెన్లు వేయాలి. చెత్తకుండీ ఉండదు, మన చెత్త మనమే కిందికి మోసుకురావాలి. శాకాహారులు మరీ జాగ్రత్త. కూరగాయల పులుసని ఇచ్చినదాంట్లో కూడా చేప రసం ఉంటుంది. గుడిసెలో రాత్రి పెట్టేది కర్రీ రైసు. పేరు మనదే, మాంసం కలిసే ఉంటుంది. నేను వేరుశనగ పొడి, అటుకులు తీసుకుపోయాను. వేడి నీళ్లు దొరికితే చాలు.

ఇదిగో, ఈ కర్ర చూడండి. వెనకున్నవాళ్లకు కనపడుతోందా? అంచులు ఎనిమిది. ఒక్కో గుడిసె దగ్గర ఇనుప ముద్ర కాల్చి దీనిమీద అచ్చు వేస్తారు. ముద్ర తగిలినప్పుడు పచ్చి కట్టె కాలిన వాసన, సన్నగా పొగ వస్తుంది. పూర్వం తెల్లబట్టలు కట్టుకొని మొక్కుతో ఎక్కేవాళ్లు ఇలాంటి కర్రే పట్టుకునేవారట. 2023లో చిరుత భయానికి మన మెట్ల దారిలో కర్రలిచ్చారు గుర్తుందా? ఆ కర్ర పట్టుకున్నప్పుడు చేతికి వచ్చిన ధైర్యమే ఇది పట్టుకున్నా వచ్చింది. యునెస్కో 2013లో ఫ్యూజీని చేర్చింది ప్రకృతి జాబితాలో కాదు, సంస్కృతి జాబితాలో. మొక్కుకునే కొండ గనక. మన మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, వాళ్లకు బస్సు రోడ్డు 1964లో వచ్చింది. రోడ్డొచ్చినా నడిచే మనుషులు అక్కడా తగ్గలేదు, ఇక్కడా తగ్గలేదు.

ఆడపిల్లలకు ఒక మాట. 1872 దాకా ఆ కొండ శిఖరానికి ఆడవాళ్లను పోనిచ్చేవారు కాదు. 1832లో తాకాయామా తాత్సు అనే ఆవిడ మగవేషం వేసుకొని ఎక్కింది. విదేశీయుల్లో మొదట ఎక్కింది బ్రిటిష్ రాయబారి రదర్‌ఫర్డ్ ఆల్కాక్, 1860లో. 1867లో ఆయన తర్వాత వచ్చిన రాయబారి భార్య ఫ్యానీ పార్క్స్ కూడా ఎక్కింది. అక్కడి ఆడవాళ్లకింకా నిషేధం ఉన్న రోజుల్లో విదేశం నుంచి వచ్చిన ఆడమనిషి ఎక్కింది, చూడండి. దీని మీద ఇంకా చెప్పాలని ఉంది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

ఏడో స్టేషన్ దాటాక నాకు తలనొప్పి మొదలైంది. మా అబ్బాయి టెన్షన్ పడతాడని చెప్పలేదు. అలా దాచడం తప్పు, మీరెవరూ చెయ్యొద్దు. గొలుసులు పట్టుకొని ఎక్కే రాళ్ల దగ్గర డెబ్బై ఏళ్ల జపాన్ ముసలమ్మ ఒకావిడ నన్ను చూసి ఏదో అంది. ‘యుక్కురి, యుక్కురి’ అని. నాకు ‘ఎక్కు, ఎక్కు’ అన్నట్టు వినపడింది. ఎక్కమంటోంది కాబోలనుకొని వేగం పెంచాను. ఆవిడ గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకొని ఆపింది. తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని, ముందు ఊపిరంతా బయటికి వదిలి చూపించింది. పీల్చడం కాదు, వదలడం. నాలుగైదు సార్లు ఇద్దరం కలిసి వదిలాం. సంచిలోంచి చిన్న డబ్బా తీసి, ముడతలు పడిన ఎర్రటి పండొకటి నా అరచేతిలో పెట్టింది. ఉప్పులో ఊరేసిన పండు. నోట్లో వేసుకుంటే మా అమ్మ జాడీలో పెట్టిన ఊరనిమ్మకాయే. దవడలు లాగేసి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘యుక్కురి’ అంటే ‘మెల్లగా’ అని తర్వాత మా అబ్బాయి చెప్పాడు.

ఎనిమిదో స్టేషన్ గుడిసెలో ఆగిపోయాం. శిఖరానికి పోలేదు. పోనక్కర్లేదు కూడా, యోషిదా వైపు గుడిసెలు తూర్పుకే చూస్తుంటాయి. తెల్లవారుజామున దుప్పటి కప్పుకొని గుమ్మంలో నిలబడితే మబ్బుల మీద నుంచి సూర్యుడు వచ్చాడు. దిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఎక్కే దారి, దిగే దారి వేరు. ఎనిమిదో స్టేషన్ దగ్గర దారి చీలుతుంది. బోర్డు చూడకపోతే సుబషిరి వైపు దిగిపోయి, ఇంకో జిల్లాలో తేలతారు.

ఆ రాత్రి గుడిసెలో నాకు నిద్ర పట్టలేదు. చలికి కాదు. ఇక ఇది చెప్పాలి.

పదేళ్ల కిందట, ఇదే మన మెట్ల దారిలో, ఎండాకాలం, పదకొండు గంటలప్పుడు. పైకప్పు లేని చోట ఒక విదేశీ జంట కూర్చుని ఉంది. ఇరవై అయిదేళ్లుంటాయి. అందర్నీ చూసి వాళ్లూ చెప్పులు కిందే వదిలేసినట్టున్నారు. ఆ పిల్ల అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. వాటర్ బాటిల్లో మిగిలిన గుక్కెడు నీళ్లు తాగకుండా కాళ్ల మీద పోసుకుంటోంది. నన్ను చూసి ఇంకా ఎంత దూరం అని ఇంగ్లీషులో అడిగింది. నాకు ఇంగ్లీషు వచ్చు. టీచర్ని. మా గుంపు ముందుకు వెళ్లిపోతోందని, ‘స్ట్రెయిట్, స్ట్రెయిట్’ అని చెయ్యి ఊపి నడిచిపోయాను. నా సంచిలో తువ్వాలు ఉంది. రెండు నీళ్ల సీసాలు ఉన్నాయి. ఎండ తగ్గేదాకా నీడలో కూర్చోమని చెప్పే మాట నా నోట్లో ఉంది. ఒక్కటీ ఇవ్వలేదు.

ఆ పిల్ల ఏమైందో నాకు తెలియదు. ఎనిమిదో స్టేషన్‌లో నోట్లో ఆ పండు గింజ తిప్పుకుంటూ పడుకున్నప్పుడు కళ్ల ముందు ఆ కాళ్లే కనపడ్డాయి.

అందుకే మిమ్మల్ని అడగడానికొచ్చాను. మీరంతా రోజూ అలిపిరిలో నడిచేవాళ్లు. అక్కా, మీకు తమిళం వచ్చు. సార్, మీరు హిందీ పండితులు. ఆ వెనక పిల్లలకు ఇంగ్లీషు మాకంటే బాగా వచ్చు. కొత్తగా వచ్చినవాళ్లకు ఏం తెలియాలో ఒక్క పేజీ రాద్దాం. లగేజి కిందే ఇస్తే పైకి చేరుతుందని, చెప్పుల సంగతేమిటో, రాయి ఏ వేళకు కాలుతుందో, నీళ్లు ఎక్కడ ఉన్నాయో, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దని, దర్శనానికి ఏ బట్టలు కట్టుకోవాలో, ఫోను ఎక్కడ ఇవ్వాలో. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు. కాపీలు నేను తీయిస్తాను. పాదాల మండపం దగ్గర తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు దాకా రోజుకు ఇద్దరు కూర్చుంటే చాలు.

నా రోజు ఆదివారం. రెండో కుర్చీ ఖాళీగా ఉంది. నోట్‌బుక్ ఆ తలుపు పక్క బెంచీ మీద పెట్టాను. పోయేటప్పుడు మీ పేరు, మీకు వీలైన రోజు, మీకు వచ్చిన భాష రాసి వెళ్లండి. పెన్ను దారంతో కట్టి ఉంది, లాగొద్దు.