సిల్వానస్ చెట్టు తగలబెట్టినందుకు కాదు నా కోపం

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్ల దగ్గర, అందులోని సిల్వానస్ అనే పాత్ర పేరెత్తి చూడండి. నిమిషంలో రెండు జట్లయిపోతారు. "బంగారం లాంటి పాత్రను చేజేతులా పాడుచేశారు" అని ఒకళ్లు, "ఆవిడ మొదట్నుంచీ అంతే, మీరే చూడలేదు" అని ఇంకొకళ్లు. ఒక నగరాన్ని మోస్తున్న మహావృక్షాన్ని ఆవిడ తగలబెట్టించినప్పుడు, 2018లో అంటుకున్న గొడవ ఇది, ఇప్పటికీ చల్లారలేదు. ఇద్దరికీ సర్దిచెప్పే పని ఇవాళ నేను పెట్టుకోవడం లేదు. నేను మొదటి జట్టు మనిషినే. కానీ ఆ జట్టులో చాలామంది చెప్పే కారణం నాది కాదు. సిల్వానస్ చెడ్డదైందని నాకు బాధ లేదు. ఎందుకు అలా అయిందో ఆవిడ వెంట నడిచిన మనకే చెప్పకుండా ఏళ్ల తరబడి దాచారు చూడండి, అదీ నా బాధ.

ఆడనివాళ్లు కూడా చూస్తుంటారు కాబట్టి ముందు సంగతి టూకీగా చెప్పేస్తాను. సిల్వానస్ విండ్‌రన్నర్ మనకు బాగా పరిచయమైంది 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3లో. హై ఎల్ఫ్‌ల సైన్యాధిపతి. వాళ్ల రాజ్యం మీదికి ఆర్థస్ అనే దుష్ట రాకుమారుడు శవాల సైన్యంతో దండెత్తి వస్తే అడుగడుగునా అడ్డుపడింది. ఆ కసితో ఆర్థస్ ఆమెను చంపి ఊరుకోలేదు. ఆత్మను పట్టి బాన్షీగా, అంటే ఏడ్చే ప్రేతంగా లేపి, సొంత జనం మీదకే తోలాడు. మరుసటి ఏడాది వచ్చిన ఎక్స్‌పాన్షన్‌లో, అంటే ఆటకు జోడించిన కొత్త భాగంలో, ఆర్థస్‌ను నడిపించే లిచ్ కింగ్ పట్టు సడలగానే ఆమె తప్పించుకుంది. తనలాగే చచ్చి లేచినవాళ్లను కూడగట్టి ఫోర్‌సేకెన్ అనే జాతిని నిలబెట్టింది. 2004 నవంబర్‌లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మొదలయ్యాక ఫోర్‌సేకెన్‌గా ఆడిన ప్రతి ఒక్కరికీ ఆవిడే రాణి.

ఈ పాత్రను ఎంత బాగా రాశారో చెప్పాలంటే నేను ఎప్పుడూ ఒక్క క్వెస్టే (ఆటలో మనకు అప్పగించే పని) చూపిస్తాను. 2007లో, బర్నింగ్ క్రూసేడ్ అనే ఎక్స్‌పాన్షన్‌లో వచ్చింది. శిథిలమైన విండ్‌రన్నర్ గ్రామంలో శవాలతో కొట్లాడుతుంటే మీకు ఒక పాత లాకెట్ దొరుకుతుంది. ఎప్పుడో అక్క అలేరియా చెల్లెలికి ప్రేమతో ఇచ్చింది అది. అంత దూరం పట్టుకెళ్లి ఫోర్‌సేకెన్ రాజధాని అండర్‌సిటీలో సిల్వానస్ చేతికి ఇస్తారు. ఆవిడ కరిగిపోతుందనుకుంటాం కదా? కసురుకుంటుంది. ఆ పాత రోజుల కోసం నేను కుమిలిపోతున్నానని అనుకున్నావా, అలేరియా ఎప్పుడో చచ్చిపోయిన జ్ఞాపకం, అన్నట్టు మాట్లాడి లాకెట్‌ను కింద పడేస్తుంది. ఇంక అయిపోయిందనుకుని మీరు తిరిగి వెళ్లబోతుంటే పాట మొదలవుతుంది. బాన్షీలు గాల్లోకి లేస్తాయి, వాటి మధ్యలో నిలబడి సిల్వానస్ తన జాతి కోసం విలపిస్తూ పాడుతుంది. ఆవిడ మాట ఒకటి, మనసు ఒకటి. ఇది మనకు ఎవరూ వివరించలేదు, కళ్లముందు జరిగింది. ఆ ఒక్క పాట విన్నాకే ఆవిడ జట్టులో ఉండిపోయినవాళ్లు ఎంతమందో.

ఇప్పుడు 2018కి వద్దాం. ఆటలో రెండు కూటములు: ఫోర్‌సేకెన్ ఉన్నది హోర్డ్, దాని శత్రువు అలయన్స్, నైట్ ఎల్ఫ్‌లు అందులోనే. అప్పటికి ఆవిడ మొత్తం హోర్డ్‌కే వార్‌చీఫ్, అంటే అధినేత. బ్యాటిల్ ఫర్ ఆజెరాత్ అనే ఎక్స్‌పాన్షన్ ఆగస్టులో రావాలి, దానికి ముందు హోర్డ్ సైన్యం నైట్ ఎల్ఫ్‌ల మీదికి బయల్దేరింది. టెల్‌డ్రసిల్ అనే మహావృక్షం మీద వాళ్ల నగరం ఉంటుంది. అసలు ప్లాన్ దాన్ని పట్టుకోవడం, కాల్చడం కాదు. అప్పుడు వచ్చిన యానిమేషన్ షార్ట్ గుర్తుందా? ఒడ్డున డెలారిన్ అనే నైట్ ఎల్ఫ్ సేనాని ప్రాణాలు విడుస్తూ ఉంటుంది. మమ్మల్ని చంపగలవు గానీ ఆశను చంపలేవు అంటుంది. సిల్వానస్ ఆమె ముఖాన్ని చెట్టు వైపు తిప్పి, తగలబెట్టండి అని ఆజ్ఞ ఇస్తుంది. పక్కనే ఉన్న సొంత మనుషులే ఒక్క క్షణం బిత్తరపోయారు.

అలయన్స్ వైపు ఆడినవాళ్లకు ఆ తర్వాత వచ్చిన క్వెస్ట్ ఇంకా ఘోరం. మండుతున్న నగరంలో దిగుతారు. కాపాడాల్సినవాళ్ల లెక్క తెర మీద కనిపిస్తుంది: 982 మంది. చేతిలో ఉన్నవి కొద్ది నిమిషాలు. ఎంత పరుగెత్తినా పదులు దాటి ముందుకు పోదు. పొగ కమ్మేస్తుంది, క్వెస్ట్ అయిపోతుంది. ఆటలో ఓడిపోవడాన్ని ఇంత నిజాయితీగా రాసినవాళ్లు తక్కువ. అది గొప్ప రచన అని ఇప్పటికీ అంటాను.

మరి పేచీ ఎక్కడంటే, హోర్డ్ వైపు. ఆ సైన్యంలో నడిచింది మనమే. దారి పొడవునా కొట్లాడింది మనమే. చెట్టు కాలిపోతుంటే "ఎందుకమ్మా ఇది?" అని అడగడానికి మనకు ఒక్క డైలాగ్ కూడా ఇవ్వలేదు. నవల అయితే రెండు రాత్రులు మేలుకుని చివరికి చేరుకుంటాం. ఇక్కడ ఒక్కో ఎక్స్‌పాన్షన్ సుమారు రెండేళ్లు. నెలనెలా డబ్బు కట్టి, జవాబు లేని ఆ ప్రశ్నతోనే ఆవిడ జెండా కింద రోజూ యుద్ధానికి వెళ్లాలి.

మన కథల్లో అశ్వత్థామను తీసుకోండి. అర్ధరాత్రి శిబిరంలోకి చొరబడి నిద్రలో ఉన్న పిల్లల్ని చంపాడు. అంతకన్నా నీచం ఉందా? అయినా ఎందుకు చేశాడని అడిగే మనిషి మన పల్లెల్లో దొరకడు. తండ్రిని అబద్ధంతో పడగొట్టారని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. క్షమించం, కానీ అర్థమవుతుంది. ఆ దారి మొత్తం మన కళ్లముందే నడిచింది కాబట్టి.

ఇక్కడ రెండో జట్టు మాట కూడా వినాలి, అందులో పస ఉంది. కాటక్లిజమ్ ఎక్స్‌పాన్షన్‌లో చచ్చినవాళ్లను లేపి తన సైన్యంలో కలుపుకున్నది ఈవిడే కదా, సౌత్‌షోర్ అనే ఊరి మీద ప్లేగు చల్లింది ఫోర్‌సేకెన్‌లే కదా, ఇంత క్రూరురాలు చెట్టు కాల్చితే కొత్తేముంది అంటారు. నిజమే, క్రూరత్వం కొత్త కాదు. కానీ ఆ క్రూరత్వానికి అప్పట్లో ఒక లెక్క ఉండేది. ఫోర్‌సేకెన్‌లకు పిల్లలు పుట్టరు, కొత్తవాళ్లు రాకపోతే జాతి అంతరించిపోతుంది. అందుకోసం ఎంతకైనా తెగించింది. 2019లో హోర్డ్ రాజధాని ఆర్గ్రిమార్ గుమ్మం ముందు, తన మీద తిరగబడ్డ హోర్డ్ సేనాని సార్‌ఫాంగ్‌తో ద్వంద్వయుద్ధం చేస్తూ, హోర్డ్ అంటే నాకు లెక్కే లేదు అని అరిచి వెళ్లిపోయింది చూడండి, ఆ నిమిషంలో ఆ లెక్క మొత్తం తప్పింది. ఆవిడనే నమ్ముకుని చివరిదాకా ఉండే దారి కూడా ఆటలో ఇచ్చారు. ఆ దారిలో వెళ్లినవాళ్లకూ చివరికి మిగిలింది ఆ అరుపే.

తర్వాత 2020 నవంబర్‌లో షాడోలాండ్స్ ఎక్స్‌పాన్షన్ వచ్చింది, అప్పుడు తాళం తీశారు. చనిపోయినవాళ్ల ఆత్మలన్నీ 'మా' (Maw) అనే నరకంలోకి పడుతున్నాయట. అక్కడి అధిపతి జైలర్‌తో ఈవిడకు ఎప్పుడో ఒప్పందం కుదిరిందట. ఆర్థస్ చచ్చాక మంచుకోట మీదినుంచి దూకి, చావు అవతల ఏముందో చూసి భయపడిందని గేమ్ బయట విడిగా వచ్చిన ఒక చిన్న కథలో ఎప్పుడో రాశారు. ఆ కథ చదివినవాళ్లకు కాస్త అర్థమైంది, ఆట మాత్రమే ఆడినవాళ్లకు గాల్లోంచి ఊడిపడినట్టు ఉంది. ఇంత ముఖ్యమైన ముక్కను గేమ్ బయట పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2021లో రెయిడ్‌లో, అంటే ఆటగాళ్లు గుంపుగా చేసే పెద్ద దాడిలో, ఆవిడే చివరి బాస్. ఓడించాక తేలిందేమిటంటే, ఆర్థస్ కత్తి ఆవిడ ఆత్మను అప్పుడెప్పుడో రెండు ముక్కలు చేసింది, ఆ పోయిన ముక్క ఇప్పుడు తిరిగొచ్చింది. అంటే ఇన్నాళ్లూ మనం చూసింది సగం మనిషినా? లాకెట్ కింద పడేసి పాట పాడింది ఎవరు మరి? ఆ ఒక్క మలుపుతో పాత తప్పులన్నీ ముక్క లేని మనిషి ఖాతాలోకి పోయాయి. తప్పును తప్పుగా మోసే అవకాశమే ఆవిడకు లేకుండా చేశారు. నా దృష్టిలో పాత్ర దెబ్బతిన్నది ఇక్కడ, చెట్టు దగ్గర కాదు.

ఒక్కటి మాత్రం బాగా చేశారు. 2022లో తీర్పు చెప్పే హక్కును నైట్ ఎల్ఫ్‌ల నాయకురాలు టిరాండే చేతిలో పెట్టారు. ఆమె మరణశిక్ష వేయలేదు. ఆ 'మా' నరకంలో చిక్కుకున్న ఆత్మలను ఒక్కొక్కటిగా వెతికి, చిట్టచివరిదాకా విడిపించమని పంపింది. ఇల్లు కాలినవాళ్లే శిక్ష నిర్ణయించారు, అది న్యాయం.

ఆవిడ మళ్లీ వస్తుందా రాదా అని ఇప్పుడు అందరూ కొట్టుకుంటున్నారు. వచ్చేట్టయితే ఈ ఆట తయారుచేసే బ్లిజార్డ్ వాళ్లను నేను కోరేది ఇదొక్కటే. మొదటి సీన్ ఏ రాజు ముందో సభలోనో పెట్టకండి. డెలారిన్ ముందు పెట్టండి. ఆ మనిషిని చంపి, తర్వాత శవంగా లేపి తన సైన్యంలోనే వాడుకున్నారు కదా, ఆమె అడిగే ప్రశ్నకు సిల్వానస్ నోటితోనే జవాబు చెప్పించండి. ఆ సీన్ గేమ్‌లోనే రావాలి, నవలలో కాదు. అప్పుడు హోర్డ్ ఆటగాడు కూడా అక్కడ నిలబడి ఉండాలి, 2018లో మనకు ఇవ్వని ఆ డైలాగ్ అప్పుడైనా మన చేతికి ఇవ్వాలి.