అరవై దాటాక రాత్రి లేవడాలు

అందరికీ నమస్కారం. పెన్షనర్స్ డే సభలో డీఏ బకాయిల తర్వాత మూత్ర సంబంధ జబ్బులు చూసే యూరాలజిస్టును, అంటే నన్ను, నిలబెట్టారు. గుండె గురించి చెబితే జనం ఇంకా వచ్చేవారేమో! అయినా ఈ హాల్లో చాలామందికి నా అవసరమే ముందు రావచ్చు.

మగవాళ్లకు మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ప్రొస్టేట్ గ్రంథి ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు సుమారు 20 గ్రాములు. 40 దాటాక మెల్లగా పెరుగుతుంది. 60 వచ్చేసరికి దాదాపు సగం మందిలో పెరిగే ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కాకపోతే రెండూ ఆ వయసులోనే వస్తాయి కాబట్టి పరీక్ష చేసి తేల్చుకోవాలి.

హెల్త్ చెకప్‌లో స్కాన్ తీయించుకుని, 'ప్రొస్టేట్ 45 గ్రాములు' అని చూసి టెన్షన్‌తో వస్తారు. 80 గ్రాములున్నా హాయిగా మూత్రం పోసేవాళ్లున్నారు, 30 గ్రాములకే ముక్కి ముక్కి పోసేవాళ్లూ ఉన్నారు. గ్రంథి బయటివైపు పెరిగిందా, నాళం మీదికి పెరిగిందా అన్నదే తేడా. అందుకే మేం మూత్రం ఇబ్బందుల మీద ఏడు ప్రశ్నలడిగి 35కి మార్కులు వేస్తాం. 7 లోపు వస్తే మామూలుగా మందు అక్కర్లేదు, 20 లేదా ఆపైన వస్తే తీవ్రం. స్కాన్‌లో గ్రాముల కంటే నేను ముందు చూసేది, పోసుకున్నాక లోపల ఎంత మూత్రం మిగిలిందన్నది.

రాత్రి నాలుగుసార్లు లేస్తే అదంతా ప్రొస్టేట్ ఖాతాలో వేయకండి. షుగర్ కావచ్చు. నీరు పోయించే బీపీ మాత్ర సాయంత్రం వేసుకుంటూ ఉండొచ్చు. పగలు కాళ్లలో చేరిన వాపు నీరు పడుకోగానే రక్తంలోకి వచ్చి మూత్రంగా దిగొచ్చు. గురక మధ్య ఊపిరి ఆగే జబ్బులోనూ ఇంతే. మూడు రోజులు మూత్రాన్ని కొలత గ్లాసుతో కొలిచి, టైముతో సహా రాయండి. రోజు మొత్తంలో మూడో వంతు కంటే ఎక్కువ రాత్రే వస్తుంటే కారణం వేరే చోట వెతకాలి. నీళ్లు తగ్గించాలంటే పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. బస్సు ప్రయాణమని పొద్దున్నుంచీ నోరు కట్టేసుకుంటే, మన ఎండలకు రాళ్లు తయారవుతాయి.

డిసెంబరులో ఉన్నాం కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రల్లో తరచూ ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ ఉంటాయి. ఒకటి మూత్రాశయం మెడను బిగిస్తుంది, రెండోది మూత్రాశయం నొక్కే బలాన్ని తగ్గిస్తుంది. అసలే ధార సన్నగా వచ్చేవాళ్లకు మూత్రం పూర్తిగా బిగుసుకుపోవచ్చు. అప్పుడు బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు తాగుతూ కూర్చుంటే పొట్ట ఇంకా ఉబ్బుతుంది. ఏ రాత్రయినా సరే, ఆసుపత్రికెళ్లి గొట్టం వేయించుకోవాలి.

మందుల్లో, మూత్రాశయం మెడను వదులు చేసే టామ్సులోసిన్ కొద్ది రోజుల్లోనే పనిచేస్తుంది. చటుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు, కాసేపు మంచం మీద కూర్చుని లేవండి. వీర్యం తగ్గినట్టనిపిస్తే కంగారొద్దు, ఆ మందు గుణమది. శుక్లాల ఆపరేషన్‌కు వెళ్తే కళ్ల డాక్టరుకు ఈ మందు పేరు తప్పక చెప్పండి. గ్రంథిని కుదించే ఫినాస్టెరైడ్‌కు ఆరు నెలలు ఓపిక పట్టాలి. అది ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చేసే రక్తపరీక్ష పీఎస్ఏ అంకెను దాదాపు సగానికి దించుతుంది, ఆ సంగతి చెప్పకపోతే రిపోర్టు చూసి మేమే మోసపోతాం. మందులకు లొంగకపోతే ఎండోస్కోపీ, లేజర్ ఆపరేషన్లున్నాయి.

మూత్రంలో రక్తం, చలి జ్వరం ఉంటే ఆలస్యం చేయకండి. పక్క తడుపుతున్న పెద్దాయనకు ఇంట్లోవాళ్లు 'వయసైపోయింది' అని డైపర్లు కొంటారు. చాలాసార్లు అక్కడ మూత్రాశయం నిండిపోయి, పైపైన పొర్లుతూ ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి ఆయనకూ తెలియదు, ఈలోపు కిడ్నీలు వాస్తాయి. డైపరు కొనే ముందు ఒక స్కాన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి.