ప్లాస్టిక్ సర్జరీలో సమయం, ప్రమాదం

సభకు నమస్కారం. నెల్లూరు, సూళ్లూరుపేట, పుత్తూరు వైపుల నుంచి చెన్నైకి ఆపరేషన్ కోసం వచ్చే మన కుటుంబాలు ఖర్చెంతవుతుందో, కుట్లు ఎప్పుడు విప్పుతారో తప్పక అడుగుతాయి కానీ, మత్తులో ఎన్ని గంటలు ఉండాలన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

1,753 ప్లాస్టిక్ సర్జరీలను పరిశీలించి 2014లో ప్రచురించిన అమెరికా అధ్యయనం ఒకటి, ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, ఆపరేషన్ సుమారు 3 గంటలు దాటితే చిక్కులు పెరుగుతున్నాయని తేల్చింది. మత్తులో ఉన్న మనిషి పిక్కల కండరాలు కదలవు కనుక కాళ్లలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. అందుకే మత్తు ఇవ్వడానికి ముందే కాళ్లకు గాలితో నొక్కే పట్టీలు తొడుగుతారు. పైగా ప్లాస్టిక్ సర్జరీలో శరీరంలో పెద్ద భాగాన్ని తెరిచి ఉంచవలసి వస్తుంది. ఒంటి వేడి 36 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే రక్తస్రావం, ఇన్ఫెక్షన్ రెండూ పెరుగుతాయి. ఇన్ఫెక్షన్ రాకుండా కోతకు ముందు ఇచ్చిన సెఫజోలిన్ అనే యాంటీబయోటిక్ ప్రభావం కూడా సమయం గడిచేకొద్దీ తగ్గిపోతుంది కనుక, 4 గంటలకు మళ్లీ ఇవ్వాలి.

అయితే తప్పంతా గడియారానిదే అనుకోకూడదు, త్వరగా ముగించే సర్జన్‌ను వెతుక్కోమనీ నేను చెప్పడం లేదు. కష్టమైన కేసులకు సహజంగానే ఎక్కువ సమయం పడుతుంది. నోటి క్యాన్సర్ తీసేసిన తరువాత కాలి ఎముకతో దవడను తిరిగి కట్టేటప్పుడు, రెండు మూడు మిల్లీమీటర్ల రక్తనాళాలను మైక్రోస్కోపు కింద కలపాలి. అక్కడ తొందరపడితే నాళం మూసుకుపోయి, అమర్చిన కణజాలమంతా చచ్చిపోతుంది. ఎనిమిది, పది గంటలు పట్టినా అది అవసరం.

ఒకే సెలవులో, ఒకే మత్తులో పొట్ట బిగింపు, కొవ్వును పీల్చి తీసే లైపోసక్షన్, రొమ్ము ఆపరేషన్ అన్నీ అయిపోవాలని కోరుకోవడం మాత్రం అవసరం కాదు, ఎంపిక. పొట్ట బిగింపులో రక్తం గడ్డకట్టే ముప్పు అసలే ఎక్కువ. రెండు విడతలుగా చేస్తే మత్తు రెండుసార్లు ఇవ్వవలసిన మాట నిజమే. అయినా ఆరోగ్యవంతుల అందం కోసం చేసే పనిలో నేను విడతల వైపే మొగ్గుతాను. అన్నీ కలిపే చేయాలనుకుంటే, అనుకున్న సమయం మించిపోయినప్పుడు ఏ భాగాన్ని వాయిదా వేస్తారో అంగీకార పత్రంపై సంతకం చేసే ముందే సర్జన్‌నూ, మత్తు డాక్టరునూ అడిగి తెలుసుకోండి.